పాట అట్ట మీద ఎవరి పేరు?

(బి.యస్సీ. మూడవ సంవత్సరం విద్యార్థి, తాడ్వాయి)

ఈ సంచిక మీ చేతికి వచ్చినప్పుడు మీరు మొదట చూసింది అట్ట. ఆ తరువాత ఫోటోల పేజీలు తిరగేసి, అందులో మన బొమ్మ పడిందా లేదా అని వెతుక్కొని ఉంటారు. నేనూ అంతే చేస్తాను, దాచుకునేదేముంది! లోపల కథలు, కవితలు ఎంత బాగున్నా చేయి ముందుగా పోయేది అట్ట మీదికే. పుస్తకం సంగతి ఇట్లా ఉండగా పాట దగ్గరికి వచ్చేసరికి మాత్రం మన మిత్రులు చాలామంది ఒప్పుకోరు. పాట చెవికి సంబంధించినది, దానికి అట్టతో ఏం పని అంటారు. గ్రాఫిక్ డిజైన్, బ్రాండింగ్ అనే మాటలు వినగానే సబ్బులూ షాంపూలూ అమ్ముకునేవాళ్ల గొడవ అని మూతి విరుస్తారు. మన అధ్యాపకుల్లో కూడా కొందరిది ఇదే మాట.

బ్రాండు అనే ఇంగ్లీషు మాటకు అసలు అర్థం కాల్చి వేసిన ముద్ర. పశువు ఎవరిదో తెలియడానికి వేసే వాత. మా తాడ్వాయి వైపు గొర్లమందలు కలిసిపోతే వేరు చేసుకోవడానికి వీపు మీద రంగు అద్దుతారు. ఒకరిది ఎరుపు, ఒకరిది నీలం. అది కూడా బ్రాండే. అంటే దీని మొదటి పని అమ్మడం కాదు, ఇది ఎవరిది అని చెప్పడం. పాట విషయంలో ఆ ప్రశ్ననే ఎవరూ అడగడం లేదనేది నా ఫిర్యాదు. ఇది ఎవరి పాట? అట్ట మీద ఉన్నది ఎవరి ముఖం? ఆ రెండూ ఒకటేనా?

చరిత్ర కొంచెం చూద్దాం. మన దేశంలో గ్రామఫోను రికార్డింగు 1902లో కలకత్తాలో మొదలైంది. ఆ రోజుల్లో పాడిన గౌహర్ జాన్ పాట అయిపోగానే ఇంగ్లీషులో తన పేరు తానే చెప్పేది. వినేవాళ్లకు అది గర్వంలాగా, ముద్దుగా తోస్తుంది. కాని దాని వెనుక కారణం వేరే ఉంది. రికార్డులు అచ్చయ్యేది జర్మనీలోని హానోవర్‌లో. అక్కడి పనివాళ్లకు మన భాష రాదు, ఏ ప్లేటు ఎవరిదో తెలియదు. చీటీ మీద సరైన పేరు పడాలంటే పాడినామె నోటితోనే చెప్పాలి. అట్ట లేని కాలంలో గొంతే అట్ట పని చేసిందన్న మాట! తన పేరు పోకుండా ఆమె తన పాట తోకకే ముడి వేసుకుంది.

అప్పటి రికార్డులకు మందపాటి గోధుమరంగు కాగితపు సంచి, దాని మీద కంపెనీ గుర్తు, అంతే. మన పాత ఇండ్లలో ఇప్పటికీ కనబడే కుక్క బొమ్మ, గ్రామఫోను బూర ముందు చెవి రిక్కించి కూర్చున్న హెచ్.ఎం.వి. కుక్క, ఫ్రాన్సిస్ బరో అనే చిత్రకారుడు గీసింది. 1899లో గ్రామఫోన్ కంపెనీ దాన్ని కొన్నది. మన దేశంలో రికార్డును 'కుక్క బొమ్మ రికార్డు' అనేవారు గాని పాడినవాళ్ల ముఖం మాత్రం ఎవరికీ తెలిసేది కాదు. కుక్కకున్న గుర్తింపు గాయకుడికి లేదు.

అమెరికాలో కొలంబియా కంపెనీలో అలెక్స్ స్టైన్‌వైస్ అనే కుర్రాడు 1940 ప్రాంతంలో, ఈ సంచికి బొమ్మ వేస్తే ఏం పోయింది అన్నాడు. అప్పటికి అతనికి ఇరవైరెండు, ఇరవైమూడేళ్లు ఉంటాయి. దాదాపు మన వయసు. అక్కడి నుంచి రికార్డు కవరు ఒక కళ అయింది. పన్నెండు అంగుళాల పొడవు, పన్నెండు అంగుళాల వెడల్పు, చిత్రకారుడికి చాలినంత గోడ!

సైన్సు విద్యార్థిని గనుక రెండు కవర్ల గురించి చెప్పకుండా ఉండలేను. మొదటిది 1973లో పింక్ ఫ్లాయిడ్ అనే ఇంగ్లీషు బృందం తెచ్చిన 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్'. నల్లని నేల మీద ఒక పట్టకం. ఒక పక్కనుండి తెల్లని కిరణం, ఇంకో పక్కనుండి రంగులు. మనం ఇంటర్మీడియట్‌లో గీసి మార్కులు తెచ్చుకున్న బొమ్మే! హిప్నోసిస్ అనే డిజైన్ సంస్థ ఆలోచన, జార్జ్ హార్డీ చేతిపని. ముందరి అట్ట మీద బృందం పేరు లేదు, ఫోటో లేదు. భౌతికశాస్త్రం లెక్కలో చిన్న వంక ఉంది. బయటికి వచ్చే రంగులు ఏడుకు బదులు ఆరే, నీలికీ ఊదాకూ నడుమ ఉండవలసింది లేదు. మన ప్రాక్టికల్ రికార్డులో ఇట్లా గీస్తే లెక్చరర్ గారు ఎర్ర సిరాతో సున్న చుట్టేవారు. అయినా ఆ బొమ్మ చూస్తే ప్రపంచంలో సగం మందికి ఆ పాటలు గుర్తుకు వస్తాయి.

రెండవది 1979 నాటి 'అన్‌నోన్ ప్లెజర్స్', జాయ్ డివిజన్ అనే బృందానిది. నల్లని అట్ట మీద గుట్టలు గుట్టలుగా లేచి పడే తెల్లని గీతలు. ఇవాళ కామారెడ్డి బట్టల దుకాణంలో కూడా ఆ బొమ్మ ఉన్న టీ-షర్టు దొరుకుతుంది. వేసుకున్నవాడిని అడిగితే కొండలో, అలలో అంటాడు. అవి ఒక పల్సార్ నుండి వచ్చిన రేడియో స్పందనలు. వరసగా ఎనభై స్పందనలను ఒకదాని కింద ఒకటి పేర్చిన గ్రాఫు. సుమారు 1.34 సెకండ్లకు ఒకసారి కొట్టుకునే ఆ నక్షత్రాన్ని 1967లో కేంబ్రిడ్జిలో కనిపెట్టింది జోసెలిన్ బెల్ అనే పరిశోధక విద్యార్థిని. గ్రాఫు గీసింది హెరాల్డ్ క్రాఫ్ట్, తన పిహెచ్.డి. కోసం. డిజైనర్ పీటర్ సావిల్ తెల్ల కాగితం మీది నల్ల గీతలను తిరగేసి నల్లటి మీద తెల్లగా చేశాడు. కవరు ప్రపంచ ప్రసిద్ధమైంది. ఆ గ్రాఫు గీసిన క్రాఫ్ట్ పేరు ఎవరికి తెలుసు? జోసెలిన్ బెల్ సంగతి ఇంకా అన్యాయం, పల్సార్ల ఆవిష్కరణకు 1974లో నోబెల్ బహుమతి ఇచ్చినప్పుడు అది ఆమె గురువుకు పోయింది, ఆమెకు రాలేదు. చూశారా! బొమ్మ బతికింది, చేతులు మాయమైనాయి. నేను చెప్పదలచిన సంగతికి ఈ కవరే సాక్ష్యం. మంచి బొమ్మ పాటకు ముఖం ఇస్తుంది. అదే బొమ్మ చేసినవాళ్ల పేరును మింగేయనూ గలదు.

ఇదంతా దొరల దేశపు ముచ్చట, మనకెందుకు అనకండి. పాటకు బొమ్మ తోడు కావడం మన తెలంగాణకు కొత్త కాదు. చేర్యాల నకాషీ పటాలు చూసినవాళ్లకు తెలుస్తుంది. గజం వెడల్పు, ఎన్నో గజాల పొడవు ఉన్న బట్ట మీద ఎర్రని నేల వేసి, గడులు గడులుగా కథ గీస్తారు. కథ చెప్పేవాళ్లు ఆ పటాన్ని వేలాడదీసి, ఒక్కో గడిని చూపిస్తూ పాడతారు. పద్మశాలీలకు కూనపులివాళ్లు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు, గౌండ్లకు గౌడజెట్టివాళ్లు, ఇట్లా ఏ కులం కథకు ఆ కులం పటం, ఆ పటానికి పాడే హక్కుదార్లు. పటం చూస్తే కథ ఎవరిదో, వినేవాళ్లు ఎవరో, పాడేవాళ్లు ఎవరో ఊరికి ముందే తెలుసు. కొలంబియా కంపెనీకి ఆలోచన తట్టడానికి చాలా ముందే మన నకాషీలు ఈ పని చేస్తున్నారు. ఆ బట్టకు సుద్దమట్టి, గంజి, ఉడికించిన చింతగింజల పిండి పూసి గట్టి చేస్తారు. ఈ చింతగింజల సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

ఇక మన కాలానికి, మన దారికి వద్దాం. కామారెడ్డి నుండి హైదరాబాదుకు పోయే దారిలో తూప్రాన్ తగులుతుంది. 1949లో అక్కడ పుట్టిన గుమ్మడి విఠల్ రావు ఉస్మానియాలో ఇంజనీరింగు చదువుకు చేరి, మధ్యలో విడిచి, పాటల్లో పడి గద్దర్ అయినాడు. స్వాతంత్ర్యానికి ముందరి గదర్ పార్టీ గుర్తుగా తొలి పాటల సంకలనానికి పెట్టిన పేరే మనిషికి అంటుకుందని చెబుతారు. అంటే అట్ట మీది పేరు ఆయన సొంత పేరయింది! ఇంతకంటె పెద్ద బ్రాండింగు ఏ కంపెనీ చేయగలదు?

గద్దర్ రాజకీయాలతో ఏకీభవించేవాళ్లు, విభేదించేవాళ్లు మన కళాశాలలోనే ఉన్నారు. ఆ చర్చ ఇక్కడ వద్దు. నేను ఆయన రూపం గురించి మాత్రమే మాట్లాడుతున్నాను. కళ్లు మూసుకొని గద్దర్ అనుకోండి. మోకాళ్ల పైకి కట్టిన ధోవతి, భుజాన నల్ల గొంగడి, చేతిలో కర్ర, కాళ్లకు గజ్జెలు, ఎర్ర రుమాలు. ముఖం గీయకుండా ఈ అయిదు గీస్తే చాలు, ఎవరో చెప్పేస్తారు. ఊరి గోడ మీద జాజుతో, బొగ్గుతో చదువురాని పిల్లవాడు కూడా గీయగలిగిన బొమ్మ అది. ఆయన 1985 నుండి 1990 దాకా అజ్ఞాతంలో ఉన్నాడు. మనిషి కనిపించడు, పాట మాత్రం క్యాసెట్లలో, చిన్న చిన్న పాటల పుస్తకాల్లో తిరిగింది. 1990లో నిజాం కళాశాల మైదానంలో మళ్లీ ప్రత్యక్షమైనప్పుడు జనం విరగబడి వచ్చారంటే, గొంతుతో పాటు ఆ రూపం కూడా అందరి మనసులో ఉన్నందువల్లనే. మనిషి లేని అయిదేండ్లూ ఆ గొంగడి, ఆ కర్ర పనిచేసినాయి.

ఆ రూపం ఎవడో స్టూడియోలో కూర్చొని కట్టింది కాదు. గొంగడి గొర్లకాపరిది. దక్కని జాతి నల్ల గొర్ల బొచ్చు వడికి, గుంతమగ్గం మీద కురుమలు నేసేది. దాని నూలుకు పెట్టే గంజి ఏమిటో తెలుసా? చింతగింజల అంబలే! పటం బట్టకూ, గొంగడికీ ఒకటే గంజి. వాన పడితే గూడ, చలి వేస్తే దుప్పటి, కల్లంలో పడుకుంటే పరుపు, సద్ది కట్టుకుంటే మూట. గజ్జె యక్షగానం ఆడేవాడిది, ఒగ్గు కథవాడిది. కర్ర మన తాతలందరిది. ఆయన చేసిందల్లా వీటిని విడివిడిగా ఉన్నచోటి నుంచి తెచ్చి ఒక మనిషి మీద కలపడం. డిజైను అంటే ఇదే అని నా ఉద్దేశం. కొత్తది తయారు చేయనక్కర లేదు. పాట ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడి వస్తువును తెచ్చి పాట పక్కన నిలబెట్టాలి. చివరి యేళ్లలో ఆయన సూటు వేసి టై కట్టుకొని కనిపించినప్పుడు అంతమంది కలవరపడ్డారంటే, ఆ గొంగడి అప్పటికే ఆయన ఒక్కడిది కాకుండా పోయిందన్న మాట. 2023 ఆగస్టు 6న ఆయన పోయిన రోజు పత్రికల్లో, గోడల మీద వచ్చిన బొమ్మల్లో మళ్లీ గొంగడే భుజానికెక్కింది.

అయితే ఇక్కడ కూడా మింగుడు ఉంది. నేను అభిమానించే బొమ్మ గనుక దాచిపెడితే అది అభిప్రాయ వ్యాసం కాదు, భజన అవుతుంది. 'బండెనక బండి కట్టి' ఎవరి పాట అని మన క్లాసులో అడిగాను. పదిమందిలో తొమ్మిదిమంది గద్దర్ అన్నారు. 1980లో విడుదలైన 'మా భూమి' సినిమాలో ఆయన పాడుతూ కనిపిస్తాడు గనుక ఆ గొంగడి బొమ్మ ఆ పాటకు అతుక్కుపోయింది. కాని ఆ పాట 1940ల నాటి తెలంగాణ సాయుధ పోరాటంలో పుట్టింది. కట్టినవాడు బండి యాదగిరి. యాదగిరి రూపం ఏ అట్ట మీదా లేదు, ఏ గోడ మీదా లేదు. గద్దర్ ఆయన పేరును దాచలేదు, సినిమా తీసినవాళ్లూ దాచలేదు. ఎవరూ దొంగతనం చేయకుండానే దొంగతనం జరిగిపోయింది. బలమైన బొమ్మ అంతటి పని చేస్తుంది. పక్కన పేరు రాయకపోతే పాటంతా బొమ్మలో ఉన్నవాడి ఖాతాలో పడుతుంది.

రాష్ట్రం వచ్చిన తరువాత గొంగడి సంగతి ఇంకో రకమైంది. ఎవరు వేదికెక్కినా ఒక గొంగడి కప్పి, చేతికి కర్ర ఇచ్చి ఫోటో తీస్తున్నారు. ఫోటో అయిపోగానే తీసి పక్కన పెడతారు, ఎందుకంటే బొచ్చు గుచ్చుకుంటుంది. గొంగడి ఫోటోలు పెరిగిన ఈ కాలంలోనే నల్ల గొర్రె తగ్గింది, మగ్గం తగ్గింది. 2017లో మొదలైన గొర్ల పంపిణీలో మన పల్లెలకు ఎక్కువగా వచ్చినవి బొచ్చు లేని మాంసపు జాతి గొర్లు. ఆ బొచ్చుతో గొంగడి రాదు. చిహ్నం పెరుగుతూ వస్తువు మాయమవడం చూస్తుంటే ఎవరిని నిందించాలో తోచదు.

మళ్లీ అట్ట దగ్గరికి వద్దాం. క్యాసెట్ వచ్చినాక పన్నెండంగుళాల గోడ కాస్తా నాలుగంగుళాల పొడవు, రెండున్నర వెడల్పుకు కుదించుకుపోయింది. వైశాల్యం కడితే నూటనలభైనాలుగు చదరపు అంగుళాలు పది అయినాయి! అయినా ఆ చిన్న కాగితంలోనే ఒకవైపు బొమ్మ, మడత విప్పితే లోపల పాటల వరస, పాడినవారు, రాసినవారు, సంగీతం. మా ఇంట్లో టేపు చెడిపోయి యుగాలైనా మా బాపు ఆ క్యాసెట్లను రేకు పెట్టెలో దాచాడు. (మా దిక్కు బాపు అంటే నాయిన. బొమ్మల బాపు అనుకోవద్దు. ఆ బాపు గారు 2014లో పోయినా ఆయన చేతివ్రాత కంప్యూటరు అక్షరాలై పెండ్లి కార్డుల మీద బతికే ఉంది. చేతివ్రాత కూడా ఒక ముఖమే అనడానికి అంతకు మించిన రుజువేముంది!) ఆ పెట్టెలోని క్యాసెట్ల కాగితాలు చదివే నేను కొందరు రచయితల పేర్లు నేర్చుకున్నాను, పాటలు వినకముందే.

తరువాత చిప్‌ల కాలం వచ్చింది. కామారెడ్డి బస్టాండు పక్క దుకాణంలో ఇరవయ్యో ముప్పయ్యో ఇస్తే ఫోను చిప్పులో అయిదువందల పాటలు నింపి ఇచ్చేవాడు. అట్ట లేదు, పేరు లేదు, 'ట్రాక్ వన్, ట్రాక్ టూ', అంతే. ట్రాక్టరు మీద దున్నుకుంటూ బాపు అవే వినేవాడు. ఎవరు పాడిండ్రే అని అడిగితే, "ఎవరో మంచిగ పాడిండ్రురా" అనేవాడు. గౌహర్ జాన్ కన్నా వెనక్కి పోయినాం! ఆమె కనీసం తన పేరు చెప్పుకుంది.

ఇప్పుడు యూట్యూబు. అట్ట తిరిగి వచ్చింది, ఫోను మీద రెండున్నర అంగుళాల బొమ్మగా. దాన్ని థంబ్‌నెయిల్ అంటున్నారు. తెలంగాణ జానపదాలకు ఇంత గిరాకీ ముందెన్నడూ లేదు, సంతోషమే. లక్షల మంది చూస్తున్నారు, పల్లె పిల్లలు కెమెరా పట్టుకొని నాలుగు రూపాయలు సంపాదిస్తున్నారు. నేను దానికి అడ్డం కాదు. కాని ఒకసారి పదిపాటల థంబ్‌నెయిళ్లు వరసగా పెట్టి చూడండి. పదింటిలోనూ లంగావోణీ వేసుకున్న ఒక అందమైన అమ్మాయి, పక్కన నెత్తికి రుమాలు చుట్టిన అబ్బాయి, వెనుక పచ్చని పొలం, పసుపుపచ్చ అక్షరాల్లో 'సూపర్ హిట్', మూలకు ఛానల్ ముద్ర. ఒక పాట అట్ట తీసి ఇంకో పాటకు పెడితే ఎవరూ కనిపెట్టలేరు. రచన ఎవరిదని కిందికి జరిపి, 'మరిన్ని' నొక్కి, కెమెరా, ఎడిటింగు, డ్రోను అన్నీ దాటి వెతికితే దొరికేది ఒక మాట: 'రచన: జానపదం'. కొన్నిచోట్ల 'సేకరణ' అని ఒకాయన పేరు. ఎవరి దగ్గర సేకరించారయ్యా? ఆ పేరు ఉండదు.

జానపదం అంటే ఎవరూ కట్టని పాట అని అర్థమా? చెట్టుకు కాసిందా? ఎవరో ఒక ఆడమనిషి ఏదో ఒక నాట్లనాడు నడుం వంచి ఆ మొదటి చరణం అల్లి ఉండాలి. ఇంకొకామె ఇంకో చరణం కలిపి ఉండాలి. పాతవాళ్ల పేర్లు పోయినాయి, ఒప్పుకుంటాను. ఇప్పుడు పాడి ఇచ్చినవాళ్ల పేర్లు ఎందుకు పోవాలి?

మా ఇంట జరిగిన సంగతే చెబుతాను, ఛానల్ పేరు మాత్రం చెప్పను, ఎందుకంటే ఇది ఒక్కరి జబ్బు కాదు. మూడేండ్ల కింద ఇద్దరు కుర్రవాళ్లు వచ్చి మా నాయనమ్మతోని, ఆమె తోటి నలుగురు ముసలమ్మలతోని నాట్ల పాటలు పాడించుకొని ఫోనులో రికార్డు చేసుకొని పోయిండ్రు. ఆరునెలలకు అందులో ఒక పాట డప్పు, డీజే దరువులతో బయటికి వచ్చింది. పాటలో మా నాయనమ్మ వాడే మా వాడకట్టు మాట ఒకటి అట్లనే ఉంది, అందుకే గుర్తుపట్టినం. బొమ్మ మీద మాత్రం నాటు వేస్తున్నట్టు నిలబడ్డ పట్నం పిల్ల. నడుం కూడా వంచలేదు! నాయనమ్మకు చూపిస్తే కోపం రాలేదు. ఫోను దూరంగా పెట్టుకొని ఆసాంతం విని, "పోరి మంచిగున్నది. నారు మాత్రం తలకిందులు పట్టింది" అన్నది. నిజంగానే వేర్లు పైకి ఉన్నాయి. అందరం నవ్వినం. నవ్వు అయిపోయినాక మా అమ్మ ఒక మాట అన్నది: "అవ్వల పేర్లు రాస్తే వాళ్లకేం పోయేది?" దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు.

ఇంకో విచిత్రం చూడండి. ఇవాళ మా పొలాల్లో నాటు వేసేది చాలావరకు బీహారు నుండి, బెంగాల్ నుండి వచ్చిన కూలీలు. మగవాళ్లు, ముఠాగా వచ్చి ఎకరానికి ఇంత అని గుత్తకు మాట్లాడుకొని, పొద్దుమూకే లోపల ముగిస్తారు. వాళ్ల ఫోన్లలో వాళ్ల భోజ్‌పురి పాటలు మోగుతుంటాయి. మన నాట్ల పాట మన పొలంలో లేదు, థంబ్‌నెయిల్ మీద ఉంది. అంటే ఆ బొమ్మ ఇప్పటి పొలానికీ నిజం కాదు, అప్పటి పొలానికీ నిజం కాదు. అప్పటి పొలంలో ముడతలు పడ్డ చేతులున్నాయి, మోకాళ్ల దాకా బురద ఉంది, చంకలో బిడ్డ ఉన్నది. ఆ చేతులు ఒక్కటి అట్ట మీద పెడితే ఎవరూ చూడరా? చూడరని ఎవరు చెప్పారు? పట్టకం బొమ్మ పెడితే పాటలు కొంటారని 1973లో ఎవరికి మాత్రం తెలుసు!

"ముసలమ్మ బొమ్మ పెడితే క్లిక్కులు రావు, పెట్టుబడి పెట్టినవాడు ఏమైపోవాలి?" అని ఒక మిత్రుడు నాతో వాదించాడు. అతనికి ఈ వ్యాపారంలో చేయి తిరిగింది గనుక అతని మాట కొట్టిపారేయను. నటించిన అమ్మాయి బొమ్మ పెట్టుకోనీ, ఆమెదీ కష్టమే, ఎండలో పదిసార్లు ఒకే అడుగు వేసి ఉంటుంది. నేను అడిగేది దానితోపాటు ఒక వరస. పాడి ఇచ్చినవాళ్ల పేరు, ఊరి పేరు. 'మరిన్ని' కింద దాచకుండా బొమ్మ మీదనే. పసుపుపచ్చ 'సూపర్ హిట్' తీసేస్తే ఆ వరసకు చోటు ఎంతైనా దొరుకుతుంది. సూపర్ హిట్టో కాదో విన్నవాళ్లు చెబుతారు, ముందే అచ్చు వేయించుకోవడమెందుకు?

ఇది ఎవరినో అడగడం కన్నా మనమే చేసి చూపించవచ్చు. మన విద్యార్థి సంఘం ప్రతియేటా జానపద గీతాల పోటీ పెడుతుంది, వాటిని వీడియో తీసి పెడుతుంది. పోయినసారి వాటి మీద ఉన్నవి సంఘం నాయకుల ఫోటోలు, ముఖ్య అతిథి ఫోటో. పాడిన పిల్లల పేర్లు కూడా లేవు! సాంస్కృతిక కార్యదర్శి గారు నా మీద కోపగించుకోకూడదు, ఆయన నా మిత్రుడే. ఈసారి పాట నేర్పినవాళ్ల పేరు, పాడినవాళ్ల పేరు, ఊరు, ఈ మూడూ చేయి చాపి ఫోను పట్టుకుంటే చదవగలిగినంత పెద్దగా రాయాలి. బొమ్మ నెట్‌లో నుంచి దించుకోకుండా మనవాళ్ల చేత గీయించాలి. వృక్షశాస్త్రం వాళ్ల రికార్డు పుస్తకాల్లో వేర్లనూ ఆకులనూ అంత చక్కగా గీసే చేతులు మన దగ్గర ఉన్నాయి. వాళ్లయితే నారును తలకిందులుగా పెట్టరు. మగ్గం ఉన్న ఊరికి పోయి గొంగడిని దగ్గర నుంచి చూసి దాని అంచును అట్టకు అంచుగా గీయనీ. దాని పక్కన నేసినవాళ్ల పేరు కూడా పడనీ. ఖర్చు ఒక బ్యానరంత కూడా కాదు.

ఊళ్లకు పోవడం మాత్రం ఆలస్యం చేయవద్దు. తాడ్వాయి, ఎర్రపహాడ్, కృష్ణాజివాడి, బ్రహ్మాజివాడి వైపు నేను తోడు వస్తాను, ఇండ్లు తెలుసు. నాట్ల పాటలు పూర్తిగా వచ్చినవాళ్లు డెబ్బై దాటినవాళ్లే మిగిలారు. మా నాయనమ్మతో పాడిన ఆ నలుగురిలో ఇద్దరు లేరు. నార్లు పోసే కాలానికి ముందు, ఎండాకాలం సెలవుల్లోనే పోవాలి. నార్లు మొదలైతే ఇంట్లో ఎవరూ దొరకరు. నోటుబుక్కులో మొదటి పేజీలో పాట కన్నా ముందు పేరు రాసుకుందాం, ఇంటి పేరుతో సహా.